గిన్నెల గుట్టలో నేను చూసింది

మా ఊళ్లో ఎవరింట్లో పెళ్లి జరిగినా మా నాయిన చేతికి గరిటె ఇచ్చేవాళ్లు కాదు. కూర వడ్డించడానికి మగవాళ్లంతా తువ్వాల నడుముకు బిగించి ముందుకొస్తారు. చుట్టమైనా, పక్కింటాయనైనా, నిన్నటిదాకా పొలం గెట్టు కోసం కొట్టుకున్నవాడైనా సరే, ఆ పూట గరిటె పట్టుకుంటే ఊరివాడే. మా నాయిన సైదులు మాత్రం నీళ్ల గ్లాసులు అందించేవాడు, ఎంగిలి విస్తర్లు ఎత్తేవాడు. ఎప్పుడైనా మరిచిపోయి కూర బకెట్ వైపు చెయ్యి చాపితే, ఊళ్లో పెద్ద రైతు లింగయ్య దూరం నుంచే అనేవాడు.

"అరే సైదులూ, నువ్వు ముట్టకురా. ఇంకో తలుపు మూసుకుంటది."

అందరూ నవ్వేవారు. నాయిన కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు చిన్నప్పుడే ఒళ్లు మండేది.

మాది దేవరకొండ దాటాక పాలమూరు పొలిమేరకు ఆనుకుని ఉన్న ఊరు. ఊరికి పడమట గిన్నెల గుట్ట ఉంది. చెట్టూ చేమా పెద్దగా లేదు, ఇంటంత బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. దాని కడుపులో ఇంకో ఊరు ఉందని మావాళ్లు చెప్పుకుంటారు. వెనకటికి పెళ్లి పెట్టుకున్నవాళ్లు ముందురోజు పసుపు బియ్యం తీసుకుపోయి, గుట్ట దగ్గర నిలబడి ఇన్ని గుండిగలు కావాలి, ఇన్ని గంగాళాలు కావాలి అని అడిగితే, తెల్లారేసరికి అన్నీ బండ ముందు తోమి పెట్టి ఉండేవట. పెళ్లయ్యాక కడిగి అక్కడే పెట్టి రావాలి. మా నాయిన ముత్తాత ఒక ఇత్తడి గరిటె దాచుకున్నాడట. ఆ రోజుతో లోపలి తలుపు మూసుకుపోయిందట. రేషన్ కార్డు మీద మా ఇంటిపేరు వేరే ఉంది గానీ, ఊరికి మాత్రం మేము గరిటెలోళ్లం. ఆ ముత్తాత గరిటె దాచడం చూసినవాడు ఒక్కడు లేడు, చూసినట్టు చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు.

నేను కాళ్లు ముందు పెట్టి పుట్టాను. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా దగ్గర నమ్మకం. నాకు ఐదేళ్లు వచ్చినప్పటి నుంచి మా వాకిట్లో ఎవరో ఒకరు బోర్లా పడుకునే ఉండేవారు. నేను ఎడమకాలితో మూడుసార్లు తొక్కేదాన్ని. "పోయిందా?" అని అడిగితే "పోయింది బిడ్డా" అని లేచి, చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టి పోయేవారు. నా కాళ్లలో ఏమీ లేదని నాకు తెలుసు. కానీ పెద్దవాళ్లు ఏదో కోరి వస్తారు, నేను కాదనకుండా చేస్తాను, వాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. పదకొండేళ్లు వచ్చేసరికి పెద్దవాళ్ల గురించి నాకు తెలిసింది అంతే.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, పత్తిగింజలు పెట్టే రోజుల్లో, కృష్ణకాంత్ అనే ఆయన పాత స్కూటర్ మీద మా ఊరికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజానికి గుడ్డసంచి. గడ్డమూ లేదు, రుద్రాక్షలూ లేవు. గిన్నెల గుట్టకు దారెటని లింగయ్యను అడిగితే, ఆయన తమాషాకు మా ఇంటికి పంపాడు. "గరిటెలోళ్లను అడుగుండ్రి సారూ, వాళ్లకే ఎరుక" అన్నాడట.

వచ్చినాయన నవ్వలేదు. కుర్చీ వేస్తామన్నా వద్దని అరుగు మీద కూర్చున్నాడు. కథంతా నాయిన చేతే చెప్పించుకున్నాడు. చివరికి, "సైదులన్నా, మీ ముత్తాత ఆ గరిటె ఎందుకు ఉంచుకున్నడో ఎవరన్నా అడిగిండ్రా?" అన్నాడు.

"ఎందుకేముంది సారూ. ఆశ."

"పదిమందికి పెట్టిన మనిషి ఒక్క గరిటెకు ఆశపడతడా? లోపలోళ్లు మళ్ల రారేమోనని భయపడి ఉంటడు. ఒక్కటన్న ఇంట్ల ఉంటే దానికోసమన్న వస్తరని ఉంచుకున్నడు. నాకైతే గట్లనే అనిపిస్తది."

నాయిన తల వంచుకుని గోడ సున్నం గోటితో గీకుతూ చాలాసేపు కూర్చున్నాడు. పుట్టి నలభై ఏళ్లయింది ఆయనకు. తన ఇంటి తప్పు తప్పు కాదేమో అన్న మొదటి మనిషి ఆ పరాయివాడు.

ఆ తర్వాత కృష్ణకాంత్ నెలకు మూడు నాలుగుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక చోటు గురించి చెప్పేవాడు. అచ్చంపేట అడవిలో పెళ్లి ఊరేగింపు మొత్తం రాళ్లయిపోయిన లోయ ఉందని, సోమశిల దగ్గర కృష్ణలో నీళ్లు తగ్గినప్పుడు అడుగు నుంచి రోకటి చప్పుడు వస్తుందని, ఒక గుట్ట ఎక్కితే దిగేటప్పుడు మెట్లు ఎక్కువ ఉంటాయని. నేను హోంవర్క్ పక్కన పడేసి వినేదాన్ని. ఆయన వెళ్లిపోయాక మా ఇల్లు ఇరుకుగా, ఊరు మరీ మామూలుగా కనిపించేవి.

అమ్మకు మాత్రం ఆయన పొడ గిట్టేది కాదు. అమ్మ పేరు బిక్షమ్మ, బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఆయన ఆమెకు తనది ఖమ్మం దిక్కు అని చెప్పాడు, నాయినకు కర్నూలు అవతల అని చెప్పాడు. మాతో మా మాటే మాట్లాడేవాడు, బడిలో హెడ్‌మాస్టర్‌తో వేరే మాట, రెంటిలోనూ ఎక్కడా తడబడేవాడు కాదు. నేనొకసారి "మీదే ఊరు సార్?" అని అడిగితే, "ఇంక దొరకలే తల్లీ" అన్నాడు.

"గాయిన చెప్పులు చూసినవా? ఎప్పుడిడిసినా తొవ్వ దిక్కే మొకం పెట్టి ఉంటయి. గసొంటోన్ని నమ్మొద్దు" అని అమ్మ నాయినతో అంది.

"పోయేటోడే గదనే. ఉన్నన్ని దినాలు మంచిగ మాట్లాడుతుండు, నీకేమైతుంది?" అన్నాడు నాయిన.

శ్రావణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన సంచిలోంచి ఒక చిన్న కొమ్ముడబ్బీ తీశాడు. అందులో అంజనం ఉంది. నల్లగా, ఆముదం వాసన వేస్తోంది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు చూస్తే అందులో దాగినవి కనిపిస్తాయట. నేను అలా పుట్టానని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. నాయినే చెప్పి ఉంటాడు. తలుపులు మూసి, తమలపాకు మీద అంజనం రాసి నా అరచేతిలో పెట్టారు. అప్పటికే ఊళ్లో మాట పాకింది. పక్కింటి ఐలేశం, లింగయ్య, ఇంకో ఇద్దరు మా ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడ్డారు. లింగయ్య మా గడప దాటడం నేను చూడడం అదే మొదటిసారి.

కృష్ణకాంత్ నా ముందు గొంతుకూర్చుని మెల్లగా చెప్పాడు. "తొందర లేదు తల్లీ. కనిపిస్తే కనిపించిందను. కనిపించకపోతే లేదను. ఎవ్వరు ఏమనరు."

ఈ మాట ఆయన స్పష్టంగా అన్నాడు. ఎన్ని సంవత్సరాలుగానో తలచుకుంటున్నాను, అందులో బలవంతం ఎక్కడా దొరకదు.

నాకు ఆకు మీద పెంకుల సందులోంచి పడిన వెలుతురు చుక్క కనిపించింది. నా కన్ను కనిపించింది. ఇంకేమీ లేదు. తల ఎత్తితే నాయిన నా వైపు చూస్తున్నాడు. వెనక లింగయ్య నిలబడి ఉన్నాడు. లేదు అంటే ఆ మనిషి ఏమంటాడో, అందరూ ఎలా నవ్వుతారో, వాళ్లతో పాటు నాయిన ఎలా నవ్వుతాడో నాకు తెలుసు.

"తలుపున్నది" అన్నాను.

లింగయ్య గోడ వదిలి ముందుకు వచ్చాడు.

"ఎక్కడ?" అన్నాడు కృష్ణకాంత్.

గుట్ట మీద నాకు ఒక చోటంటే ఇష్టం ఉండేది. మేకలు తోలుకుపోయినప్పుడు జంటబండల కింద పడుకునేదాన్ని. ఆ రెండింటి నడుమ చీలికలోంచి ఎండాకాలంలో కూడా చల్లగాలి వస్తుంది. అది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పేశాను. "జంటబండల కింద. గాలి వస్తాంది."

"లోపల?"

"గిన్నెలు. కుప్పలు కుప్పలు. మీద ఎర్రరంగుతోని ఏందో రాసి ఉన్నది. ఒక ఆమె తోముతాంది."

ఇంకా ఏమేమో చెప్పాను. నోరు తెరిచాక ఆగలేదు. చెప్పడం అయిపోయాక కృష్ణకాంత్ నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఆయన నాటకం ఆడాడని తర్వాత చాలామంది అన్నారు. నాకు అలా అనిపించలేదు.

మర్నాటి నుంచే తవ్వడం మొదలైంది. ఎవరైనా అడిగితే చెల్క పొలం గెట్టుకు రాళ్లు తీసుకుంటున్నామని చెప్పేవారు. నాయిన, ఐలేశం, మరో ఇద్దరు పొద్దున్నే గడ్డపారలు తీసుకుని పోయేవారు. కృష్ణకాంత్ చెట్టుకింద కూర్చుని చూసేవాడు, అప్పుడప్పుడు మట్టి పిడికిట పట్టి వాసన చూసేవాడు. జంటబండల కింద చీలిక వెడల్పైంది, మనిషి దిగేంత అయింది, లోపలికి వంగి పోయేంత అయింది. చల్లగాలి ఎక్కువైంది. ఆ గాలి వల్ల అందరికీ నమ్మకం పెరిగింది.

ఊరు మారిపోయింది. "సైదులన్నా, ఎంతదాక వచ్చింది?" అని దారిలో ఆపి అడిగేవారు. హోటల్ దగ్గర బల్ల మీద జరిగి చోటిచ్చేవారు. లింగయ్య మనవడి పుట్టువెంట్రుకలప్పుడు యాటకూర వడ్డించే వేళకు, లింగయ్య తానే గరిటె తెచ్చి నాయిన చేతిలో పెట్టాడు. నాయిన ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయాడు. తర్వాత బంతి ఈ చివర నుంచి ఆ చివరిదాకా వంగి వంగి వడ్డించాడు. చాలన్నా వినకుండా వేశాడు. నా ఆకులో మూడుసార్లు వేశాడు. నేను తినలేకపోయాను. ఆకు మడిచి లేచాను.

దసరా వెళ్లాక ఒక మంగళవారం కృష్ణకాంత్, ఎవరికో బాగాలేదట, శుక్రవారం వస్తానని చెప్పి పోయాడు. మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే మొదట మోగింది, తర్వాత అదీ లేదు. ఆయన మా దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు. తీసుకుని ఉంటే బాగుండేది. దొంగ అని తిట్టుకుని, పోలీస్ స్టేషన్‌లో కాగితం రాసిచ్చి, ఇంటికొచ్చి తలుపు వేసుకునేవాళ్లం.

పత్తి ఏరే కాలం రాగానే మిగతావాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. నాయిన జారుకోలేదు. ఒక్కడే పోయేవాడు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. కూలి దొరికిన రోజు కూలికి, దొరకని రోజు గుట్టకు. మళ్లీ వానలు వచ్చేసరికి మా చెల్కలో విత్తనం పడలేదు, గుట్ట లోపల గుంత మాత్రం రెండు నిలువుల లోతైంది.

నేను ఏడో తరగతికి వచ్చాను. పైన బండ కొంచెం జరిగినట్టుందని ఐలేశం ఒకసారి అంటే విన్నాను. ఆ రోజు నుంచి నాకు తిండి సహించలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం గుట్ట ఎక్కి పోయాను. నాయిన గుంత అంచున కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఒంటినిండా మట్టి. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు.

"నాయినా, నేను ఏం చూడలె" అన్నాను.

ఆయన బీడీ నోట్లోంచి తీశాడు.

"ఆకు మీద ఏం కనవడలె. ఊకెనే చెప్పిన. తలుపు లేదు, గిన్నెలు లేవు. ఇంటికి పోదాం దా, నాయినా."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన పక్కకు జరిగి నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"నాకెరుకనే బిడ్డా."

నాకు అర్థం కాలేదు.

"గిన్నెల మీద ఎర్రరంగుతోని రాసి ఉన్నదంటివి. ఒక ఆమె తోముతుందంటివి. బడిల గిన్నెలు గావా అవి, తోమేది మీ అమ్మ గాదా? నువ్వు చెప్తుంటెనే తెలిసింది."

"మరెందుకు తవ్వుతున్నవ్?"

ఆయన ఊరి దిక్కు చూశాడు. కింద ఊరు కనిపిస్తోంది. బడి, నీళ్ల ట్యాంకు, లింగయ్య రెండంతస్తుల ఇల్లు.

"నిరుడు లింగయ్య ఇంట్ల గరిటె నా చేతికిచ్చిండ్రు. చూసినవు గద. మా నాయిన గట్ల ఒక్కనాడు పట్టలె. ఇప్పుడు నేను గడ్డపార కింద పడేస్తే ఏమంటరు? గరిటెలోళ్లు మల్ల మోసం చేసిండ్రంటరు. నా తోనే పోదు, నీ మీద గూడ వడ్తది. తవ్వుతున్నన్ని దినాలు ఎవ్వడు ఏమనడు."

"ఎన్ని దినాలు తవ్వుతవు?"

"తవ్వుత తీ. పనే గద." నా తల నిమిరాడు. "ఊళ్లె ఎవ్వరికి చెప్పకు బిడ్డా. చెప్పవు గద?"

చెప్పనన్నాను. ఎప్పటిలాగే, పెద్దవాళ్లు అడిగింది కాదనలేదు. నేను ఆ సాయంత్రం ఐలేశం ఇంటికి పోయి ఒక్క మాట చెప్పి ఉంటే ఊరంతా నవ్వేది, నాయిన సిగ్గుతో చచ్చిపోయినంత పనయ్యేది, కానీ గుంతలోకి దిగేవాడు కాదు. ఈ లెక్క నాకు పన్నెండేళ్లకే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

బతుకమ్మకు నాలుగు రోజుల ముందు వాన పట్టింది. మూడు రోజులు విడవలేదు. నాలుగో రోజు తెరిపివ్వగానే, గుంతలో నీళ్లు తోడి వస్తానని నాయిన బకెట్ తీసుకుని పోయాడు. నేను బడిలో ఉన్నాను. పదకొండు గంటలప్పుడు గుట్ట నుంచి ఒక చప్పుడు వచ్చింది. మా సోషల్ సార్ పాఠం ఆపి, క్వారీలో పేల్చారేమో అన్నాడు. మా దగ్గర క్వారీ లేదు. నేను బల్ల మీద తల పెట్టుకున్నాను. వంటగది నుంచి అమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తడం కిటికీలోంచి చూశాను.

జంటబండల్లో పైది కిందికి జారి చీలికను మూసేసింది. తహసీల్దార్ వచ్చాడు, ఫైరింజన్ వాళ్లు వచ్చారు. యంత్రం గుట్ట ఎక్కలేదు. మూడు రోజులు సందుల్లో తాళ్లు వేశారు, పిలిచారు, చెవులు పెట్టి విన్నారు. దాన్ని కదిపితే ఆ పక్కంతా కూలుతుందని, లోపల బతికి ఉండే వీలు లేదని చెప్పి నాలుగో రోజు దిగిపోయారు.

ఆ సాయంత్రం మా వాకిట్లో ఊరంతా కూర్చుని ఉన్నప్పుడు లింగయ్య అన్నాడు.

"సైదులు సచ్చిపోలేదు. లోపటికి పోయిండు. తలుపు తెరుసుకున్నది, గాయిన పోయినంక మల్ల మూసుకున్నది."

మా మీద జాలితో అన్నాడో, తాను తమాషాకు పంపిన పరాయివాడి వల్ల ఇంత జరిగిందన్న భయంతో అన్నాడో తెలియదు. వారం తిరిగేసరికి ఊరంతా అదే మాట. పొద్దున గుట్ట నుంచి అన్నం ఉడికిన వాసన వచ్చిందని ఒకామె చెప్పింది. బండ మీద పసుపు కుంకుమలు పడ్డాయి. మమ్మల్ని గరిటెలోళ్లని పిలవడం మానేశారు. సైదులన్న ఇల్లు అంటారు ఇప్పుడు. నాయిన కోరిందంతా జరిగింది, చూసుకోవడానికే ఆయన లేడు.

అమ్మ ఆ మాటకు తల ఊపింది. మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టలేదు, పదో రోజు దినం చెయ్యలేదు. బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు. బతికి లోపల ఉన్నవాడికి దినాలేమిటన్నారు చుట్టాలు. అమావాస్యకు అమావాస్యకు గుట్ట ఎక్కి బండ పక్కన కూర్చుని వచ్చేది. ఆమె నిజంగానే నమ్మిందనుకున్నాను. నా అబద్ధాన్ని నమ్మి బతుకుతున్న మనిషితో ఒకే కంచం దగ్గర కూర్చుని తినడం నా వల్ల కాలేదు. ఇంటర్ అయిపోగానే షాద్‌నగర్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరి హాస్టల్‌కు మారిపోయాను. పండుగలకు కూడా షిఫ్ట్ ఉందని చెప్పేదాన్ని.

పోయిన వైశాఖంలో ఐలేశం ఫోన్ చేశాడు. అమ్మ గుట్ట దిగుతూ జారిపడింది, మడమ విరిగింది, దేవరకొండ దవాఖానలో కట్టు కట్టించి ఇంటికి తెచ్చామన్నాడు. బస్సెక్కి వచ్చాను. అమ్మ మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. జుట్టు సగం తెల్లబడింది. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు.

"జర మానంగనే మల్ల పోవాలె. గీ అమాస తప్పింది" అంది.

అక్కడ నాకు ఓర్పు తెగిపోయింది.

"ఎందుకు పోవాలె? లోపట ఎవ్వరు లేరు. అమ్మా, నేను అబద్ధం చెప్పిన. అంజనంల నాకేం కనవడలె. నాయిన నా మాటకు సచ్చిపోయిండు."

అమ్మ ఏడవలేదు. మంచం పట్టె మీద చేత్తో తట్టి కూర్చోమంది.

"నువ్వు గుట్ట మీద మీ నాయినకు చెప్పిననాడు నేను సద్ది తీస్కొని వచ్చిన. బండ చాటుకు నిలవడ్డ. అంత విన్న."

లేచి నిలబడ్డాను.

"విని గూడ ఆపలేదా?"

"నువ్వాపినవా?" అంది. కట్టు కాలు సర్దుకుని, మళ్లీ తనే చెప్పింది. "లింగయ్య ఇంట్ల గరిటె వట్టుకొని నిలవడ్డడు సూడు, మా పెండ్లిల గూడ గాయిన మొకం గంత తేటగ లేకుండె. ఇంకొన్నాళ్లు ఉండనీ అనుకున్న. గంతే."

"మరి గీ బొట్టు?"

"నేను బొట్టు తీస్తే మీ నాయిన సచ్చిండని నీకు చెప్పినట్టయితది. పన్నెండేండ్ల పిల్లవు. నీ మాటతోని సచ్చిండని నీకు నేనెట్ల చెప్పాలె? తలుపు లేదని నీకెరుకైనా, ఊరోళ్ల మాట విని లోపట బతికే ఉన్నడనుకుంటే నీకే నిమ్మళమనుకున్న. నువ్వే ఒకనాడు వచ్చి చెప్తవని చూసిన. ఏడేండ్లు చూసిన."

అమ్మ నా మీద జాలి పడ్డదని మీరనుకోవచ్చు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఇద్దరం ఒకే మాట మింగుకుని ఏడేళ్లు దూరం దూరంగా బతికాం. ఆమె నన్ను కాపాడాననుకుంది, నేను ఆమెను కాపాడాననుకున్నాను. గట్టిగా అరిచాను, ఏమేమో అన్నాను. అమ్మ అన్నీ విని, అరుపు అయిపోయాక, "రేపు పిట్టకు పెడదాం. ఇప్పటికన్న పెట్టకపోతే తప్పు" అంది.

మా దగ్గర మనిషి పోయిన మూడో రోజున ఆయనకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేమిటో ఊహించి, తీరుస్తామని పైకి చెప్పాలి. మరునాడు పొద్దున అన్నం, యాటకూర వండాను. సీసాలో కల్లు, ఒక బీడీ కట్ట పెట్టుకున్నాం. ఐలేశం ట్రాలీ ఆటోలో గుట్ట కిందిదాకా దింపి, గంటలో వస్తానని పోయాడు. సైదులు లోపల క్షేమంగా ఉండాలని మొక్కు తీర్చుకుంటున్నామని ఆయనకు చెప్పాం.

అమ్మ కర్ర పట్టుకుని నిలబడింది. గుట్ట కిందే ఆకు పరిచి అన్నీ పెట్టి వెనక్కు వచ్చాను. రెండు కాకులు బండ మీద వాలి ఉన్నాయి. దిగలేదు.

"నీ బిడ్డను మంచిగ చూసుకుంట" అంది అమ్మ. కాకులు కదలలేదు.

"చెల్క అమ్మను. పడావు పెట్టను, ఈ యేడు దున్నిస్త."

ఎండ ఎక్కుతోంది. అన్నం మీద ఈగలు వాలుతున్నాయి. అమ్మ ఇంకేం చెప్పాలో తోచక నా వైపు చూసింది. ఆయనకు ఏం కావాలో మా ఇద్దరికీ తెలుసు. అది నేను చెప్పాల్సిన మాట. షాద్‌నగర్ నుంచి వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నాను, ఈసారి ఊరందరి ముందూ చెప్పేస్తాను, ఆ బండ మీద పసుపు కుంకుమలు నా చేత్తో కడిగేస్తాను అని. అది ఒక్కటే నాకు మిగిలిన పని అనుకున్నాను.

అమ్మకు నిలబడే ఓపిక తగ్గుతోంది.

"చెప్పను నాయినా" అన్నాను. "ఊళ్లె ఎవ్వరికి చెప్పను."

కొంచెం సేపటికి ఒక కాకి దిగి, ఆకు చుట్టూ నడిచి, కూర ముక్క ఎత్తుకుని పోయింది.

"ముట్టింది" అంది అమ్మ. అక్కడే రాయి మీద కూలబడి, కొంగుతో నుదురు గట్టిగా తుడుచుకుని, ఏడవడం మొదలుపెట్టింది. ఏడేళ్ల ఏడుపు. నేను పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు.

ఐలేశం కోసం కాచుకుని ఉన్నప్పుడు మట్టిదారిలో ఒక బైక్ వచ్చి ఆగింది. వెనక సీట్లోంచి తొమ్మిదేళ్ల ఆడపిల్ల దిగింది. నడుపుతున్నాయన హెల్మెట్ తీసి, కల్వకుర్తి అవతలి నుంచి వస్తున్నామని చెప్పాడు. పిల్ల తలమీద చెయ్యి వేసి, "మా పిల్లది గూడ ఎదురుకాళ్ల పుట్టుక. గుట్ట చూపిద్దామని తెచ్చిన. సైదులన్న లోపటికి పోయింది గీడనేనా అమ్మా?" అన్నాడు.

పిల్ల నా ముఖంలోకి చూస్తోంది. అమ్మ ఏడుపు ఆపి నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా పట్టుకుంది.

"గీడనే" అన్నాను.